ఎమ్మారై, సీటీ, ఏఐ: విశాఖ స్కానింగ్ గదుల్లో రోజూ వినిపించే అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫిల్ముకి ఫోన్లో ఫోటో తీసి ఏఐకి ఇస్తే చాలు, జబ్బేంటో చెప్పేస్తుంది.

వాస్తవం: చెబుతుంది, దేన్ని చూసి చెప్పిందన్నదే చిక్కు. సీటీ బొమ్మలో ప్రతి చుక్కకూ హౌన్స్‌ఫీల్డ్ లెక్కలో (అక్కడి పదార్థం ఎక్స్‌రేని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) ఒక అంకె ఉంటుంది. నీటికి 0, గాలికి మైనస్ 1000. ఈ అంకెల్లో ఎంతమేర తెలుపు-నలుపుల్లో చూపించాలో ఎంచుకోవడమే విండో. ఊపిరితిత్తులు చూడ్డానికి దాని వెడల్పు 1500, లెవెల్ (మధ్య అంకె) మైనస్ 600 దగ్గర పెడతాం; పొట్టలోని అవయవాలకైతే 400, 40. ఫిల్ము మీద ఏ విండో అచ్చయితే అదే మిగులుతుంది, తర్వాత మార్చలేం. అసలు ఫైలులో సాధారణంగా తెలుపు-నలుపుల మధ్య 4096 స్థాయిలుంటే మామూలు ఫోటోలో 256. దానికి తోడు ట్యూబులైటు మెరుపు, వేలి నీడ!

శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి కేజీహెచ్‌కి వచ్చేవాళ్లు ఫిల్ముల కవరు భద్రంగా తెస్తారు, సీడీ ఇంట్లో వదిలేస్తారు. మాకు కావాల్సింది సీడీయే. స్కాన్ తీసినచోటే డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు ఫైళ్లు) అడగండి, 1 మి.మీ. మందం స్లైసులు (పొరలు) కూడా ఎక్కించమనండి. 5 మి.మీ. స్లైసులో ఊపిరితిత్తిలోని 4 మి.మీ. గడ్డ చుట్టూ ఉన్న గాలితో కలిసి సగటైపోయి మసకగా కనిపిస్తుంది, ఒక్కోసారి కనిపించదు కూడా. అలా పోయినదాన్ని ఏ ప్రోగ్రామూ తిరిగి తేలేదు.

అపోహ: ఎమ్మారైలో రేడియేషన్ ఎక్కువ, అందుకే అంత మోత.

వాస్తవం: అందులో ఎక్స్‌రేలే లేవు. మెషిన్లోని గ్రేడియెంట్ కాయిల్స్ అనే తీగచుట్టల్లో కరెంటు గబగబా మారుతుంటే అవి అదురుతాయి, ఆ చప్పుడది. రేడియేషన్ ఉండేది సీటీలో. అవసరమైన సీటీకి భయపడొద్దు. ‘ఎందుకైనా మంచిది’ అని తీయించుకునే ఫుల్‌బాడీ సీటీ మాత్రం వద్దు.

అపోహ: స్కాన్ జరగనప్పుడు అయస్కాంతం ఆగిపోయి ఉంటుంది.

వాస్తవం: ఆసుపత్రుల్లోని 1.5, 3 టెస్లా (అయస్కాంత బలం కొలత) మెషిన్లలో అది రాత్రింబవళ్లూ పనిచేస్తూనే ఉంటుంది. మామూలు ఆక్సిజన్ సిలిండరు, ఇనప స్ట్రెచరు గది గుమ్మం దాటకూడదు. ఇంతకన్నా కనిపించని ప్రమాదం ఇంకొకటుంది. ఆటోనగర్‌లో, షిప్‌యార్డులో గ్రైండింగ్ చేసేవాళ్లు ఫారంలో ‘ఒంట్లో లోహం లేదు’ అని సంతకం పెట్టేస్తారు. ఏళ్ల కిందట కంట్లో గుచ్చుకున్న ఇనప రజను గుర్తుండదు. అయస్కాంతం దగ్గర అది కదిలితే చూపు పోవచ్చు. అనుమానముంటే ముందు కళ్ల ఎక్స్‌రే తీస్తాం. చెప్పడానికి మొహమాటపడకండి.

అపోహ: ఏఐ వచ్చాక రేడియాలజిస్టుతో పనిలేదు.

వాస్తవం: కొంత పని అది చేస్తోంది, కాదనం. 15 ఏళ్లు, ఆపై వయసువాళ్ల ఛాతీ ఎక్స్‌రేల్లో టీబీ అనుమానితుల్ని ఏరడానికి మనిషికి బదులు సాఫ్ట్‌వేర్ వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే చెప్పింది. అయితే అది అనుమానితుల్ని ఏరడం వరకే. తేల్చాల్సింది కళ్లె పరీక్ష. మానిపోయిన పాత టీబీ మచ్చనూ సాఫ్ట్‌వేర్ జబ్బుగా చూపించగలదు. ఎమ్మారైలోనూ ఏఐ సాయంతో తక్కువ డేటాతో త్వరగా బొమ్మ కట్టే పద్ధతులొచ్చాయి. బొమ్మ నున్నగా వస్తుంది, ఆ నునుపులోనే చిన్న లోపం చెరిగిపోయే వీలుంది. అనుమానం వస్తే ఆ భాగాన్ని మామూలు స్కాన్ పద్ధతితో (సీక్వెన్సు) మళ్లీ తీయాల్సిందే.

అపోహ: ఊపిరితిత్తిలో 6 మి.మీ. గడ్డ 7 అయిందంటే పెరిగినట్టే.

వాస్తవం: గుండ్రటి గడ్డ నిజంగా అంత పెరిగితే ఘనపరిమాణం దాదాపు 59 శాతం పెరిగినట్టు, చిన్న విషయం కాదు. కానీ చేత్తో కొలిచేటప్పుడు 1 మి.మీ. తేడా మామూలే. ఊపిరి ఒకసారి నిండా, ఇంకోసారి సగం పీల్చినా కొలత మారుతుంది. పాత, కొత్త స్కాన్లు ఒకే స్లైసు మందంతో, ఒకే రకం రీకన్‌స్ట్రక్షన్‌తో (ముడి డేటా నుంచి బొమ్మ కట్టే పద్ధతి) ఉంటేనే సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఘనపరిమాణాన్ని నమ్ముతాం. రెండోసారి స్కాన్‌కి వచ్చేటప్పుడు మొదటి సీడీ కౌంటర్లో కాకుండా టెక్నీషియన్ చేతికే ఇవ్వండి. మెషిన్‌లో ఆ సెట్టింగులు చూసి పెట్టేది ఆయనే.