పెద్దవాళ్ల డిప్రెషన్‌కి మాటల చికిత్స: అపోహలు - వాస్తవాలు

ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం వైపు తెలుగు ఇళ్లలోని పెద్దవాళ్లకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. వాళ్లను వెంటబెట్టుకొచ్చే కొడుకులు, కోడళ్లు తరచుగా అనే మాటలివి.

అపోహ: వయసు మీదపడితే దిగులు మామూలే.

వాస్తవం: కాదు. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకుండా, నిద్రా ఆకలీ పోయి ఉంటే అది జబ్బు. మన పెద్దవాళ్లు దిగులుగా ఉందని చెప్పరు. ఒళ్లు నొప్పులంటారు, గుండె దడ అంటారు. ఇంట్లోవాళ్లు టానిక్కులతో సరిపెడతారు. థైరాయిడ్, బి12 లోపాలున్నా ఇలాగే ఉండొచ్చు కాబట్టి ముందు ఆ పరీక్షలు చేయించాలి.

అపోహ: మాటలతో ఏమవుతుంది? ధైర్యం మేమూ చెబుతున్నాం కదా!

వాస్తవం: ధైర్యం చెప్పడం వేరు, ఇది వేరు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసింది. కొబ్బరి మొక్క కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. డెబ్బై ఏళ్ల రైతుతో "అన్నీ సర్దుకుంటాయి మావయ్యా" అంటే ఏం లాభం? ఆయన తోటకు వెళ్లడం మానేస్తాడు. నలుగురూ కనబడరు, పగలంతా పడుకుంటాడు, రాత్రి నిద్ర పట్టదు, దిగులు ఇంకా ముదురుతుంది. మేం పట్టుకునేది ఇక్కడే. రోజంతా ఏం చేస్తున్నాడో రాయిస్తాం. ఉత్సాహం వచ్చాక వెళ్దువుగానిలే అనం, రేపు పొద్దున్నే బావిదాకా నడిచి రమ్మంటాం. వెళ్లలేకపోతే ఏది అడ్డొచ్చిందో అడిగి, పనిని ఇంకా చిన్నది చేస్తాం. గోవాలో దిగులు అప్పుడప్పుడే మొదలైన, 60 దాటినవాళ్లకు శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలే సమస్యల్ని ఒక్కొక్కటిగా పరిష్కరించుకోవడం నేర్పారు. వాళ్లలో డిప్రెషన్ దాకా వెళ్లినవాళ్లు తగ్గారని 2019లో వచ్చిన పరిశోధన చెబుతోంది.

అపోహ: ఈ వయసులో మనసేం మారుతుంది?

వాస్తవం: యాభై దాటినవాళ్లకు తన చికిత్స పనిచేయదని మాటల చికిత్సకు బాటలు వేసిన మనస్తత్వవేత్త ఫ్రాయిడ్ కూడా అనుకున్నాడు. తర్వాతి పరిశోధనలు ఆ అనుమానాన్ని తోసిపుచ్చాయి. వినికిడి తగ్గితే దగ్గర కూర్చుని నెమ్మదిగా మాట్లాడతాం, మరచిపోతుంటే పెద్ద అక్షరాలతో రాసిస్తాం. భాష విషయంలో మాత్రం రాజీ పడకండి. బజార్లో ఒడియా గడగడా మాట్లాడే బరంపురం మామ్మ కూడా పోయిన భర్త గురించి చెప్పుకునేది తెలుగులోనే.

అపోహ: మాటలు మొదలెడితే మందులు ఆపేయొచ్చు.

వాస్తవం: డాక్టరు చెప్పకుండా ఆపకండి. జబ్బు తీవ్రంగా ఉంటే రెండూ కావాలి. తిండి మానేసినా, "ఇక బతికి ఏం లాభం" అన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, పొలానికి తెచ్చిన పురుగుమందు ఇంట్లో ఉంచకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.