ఆకాశరామన్న ఉత్తరం వస్తే మీరు ముందు ఏం అడుగుతారు? కంపెనీల్లో నిజాయతీపై అపోహలు - వాస్తవాలు

నేను ఇంటర్నల్ ఆడిటర్‌ని. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు, గోదాములు, కొన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీల లెక్కలు చూస్తూ ఇరవై ఏళ్లు దాటింది. 2009 జనవరి 7, బుధవారం నాడు ఒక క్లయింటు గోదాములో స్టాకు లెక్కపెట్టిస్తున్నాను. మధ్యాహ్నం కాకముందే స్టోర్స్ చూసే పెద్దాయనకు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడటం అయ్యాక పక్కనున్న బస్తా మీద కూలబడిపోయాడు. ఆయన అల్లుడు హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌లో ఉద్యోగి. ఛైర్మన్ రామలింగరాజు తానే ఉత్తరం రాసి, ఏళ్ల తరబడి లెక్కలు తప్పుగా చూపించామని ఒప్పుకున్న రోజు అది.

అప్పటి నుంచి ఏ సంస్థలో అడుగుపెట్టినా లెక్కల పుస్తకాలు తెరవకముందే ఒక సంగతి కనుక్కుంటాను. ఇక్కడ చెడ్డ కబురు పైవాళ్లకు చెప్పినవాడికి మర్నాడు ఏమవుతుంది? దీనికి జవాబు దొరికితే మిగతా ఆడిట్ సగం అయినట్టే. కానీ యజమానులతో, మేనేజర్లతో ఈ మాట ఎత్తినప్పుడల్లా కొన్ని నమ్మకాలు అడ్డొస్తుంటాయి. తరచూ వినేవాటి గురించే రాస్తున్నాను.

అపోహ: పైన ఉన్న మనిషి మంచివాడైతే చాలు, సంస్థ దానంతటదే సరిగా నడుస్తుంది.

వాస్తవం: 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవ వెనక ఉన్నది రామలింగరాజే. ఆ సేవ ఎందరి ప్రాణాలు నిలబెట్టిందో మన ఊళ్లలో వేరే చెప్పక్కర్లేదు. ఆ మంచి నిజం. 2008 సెప్టెంబరు 30 నాటి బ్యాలెన్స్ షీట్‌లో నగదు, బ్యాంకు నిల్వల కింద చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనే లేవన్నదీ నిజం. ఆ ఉత్తరం ప్రకారం ఆ త్రైమాసికంలో కంపెనీ చూపించిన ఆదాయం 2,700 కోట్లు, అసలు వచ్చింది 2,112 కోట్లు. చూపించిన లాభం 649 కోట్లు, అసలుది 61 కోట్లు.

ఇంతకీ ఆయన మంచివాడా, చెడ్డవాడా అని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లున్నారు. నా వృత్తికి ఆ ప్రశ్నతో పనిలేదు. బ్యాంకులో డబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి చాలా పాత పద్ధతి ఒకటుంది. ఆడిటర్ తానే బ్యాంకుకు ఉత్తరం రాయాలి, జవాబు నేరుగా ఆడిటర్ చేతికే రావాలి. మధ్యలో కంపెనీ మనిషి చెయ్యి తగలకూడదు. సత్యం విషయంలో ఈ ఉత్తరాలు పంపడం, తెప్పించడం మొత్తం కంపెనీ యాజమాన్యానికే వదిలేశారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2011లో తేల్చింది. యజమాని మీద గౌరవం ఉన్నచోటే ఈ తనిఖీ వదిలేస్తారు. ఆయనంటే గిట్టనివాళ్లయితే ఒకటికి రెండుసార్లు చూసేవాళ్లు. అందుకే, మా సార్ దేవుడండీ అని ఎవరైనా అన్నప్పుడు నేను బ్యాంకు ఉత్తరాలు మరింత శ్రద్ధగా చూస్తాను. మంచి నాయకుడనే వాడు తన మాట మీద కూడా తనిఖీ పెట్టించుకుంటాడని నా నమ్మకం.

అపోహ: పెద్దపేర్లున్న బోర్డు, గవర్నెన్స్ అవార్డు, అచ్చేసిన నియమావళి ఉంటే భయం లేదు.

వాస్తవం: సత్యం బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్, హైదరాబాద్ బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ డీన్, మాజీ కేబినెట్ కార్యదర్శి ఉన్నారు. 2008 సెప్టెంబరులో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది, తర్వాత వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 16న రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలు రెండింటిని 160 కోట్ల డాలర్లు పెట్టి కొనడానికి బోర్డు ఒప్పుకుంది. వాటాదారులు భగ్గుమనడంతో కొన్ని గంటల్లోనే ఆ ప్రతిపాదన వెనక్కిపోయింది. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు తెచ్చి పెట్టడానికి అదే ఆఖరి ప్రయత్నమని జనవరి ఉత్తరంలో ఆయనే రాశాడు. అమెరికాలో ఎన్రాన్ అనే ఇంధన కంపెనీకి 64 పేజీల నైతిక నియమావళి ఉండేది. అది అచ్చయిన మరుసటి ఏడాదే, 2001లో, కంపెనీ కూలిపోయింది.

అపోహ: చిల్లర విషయాలు పట్టుకు వేళ్లాడితే పని సాగదు. పెద్ద మోసాలు చూడండి చాలు.

వాస్తవం: పెద్ద మోసం పెద్దదిగా పుట్టదు. అసలు లాభానికి, పుస్తకాల్లో చూపిన లాభానికి మధ్య మొదట ఉన్నది చిన్న తేడాయేనని, అది ఏటేటా పెరిగిందని సత్యం ఉత్తరంలోనే ఉంది. చివరికి అది పులి మీద స్వారీలా అయిందని, దాని నోట పడకుండా దిగడమెలాగో తెలియలేదని రాశాడాయన.

నేను కళ్లారా చూసినది దీనికన్నా చాలా చిన్నది. ఒక ఫ్యాక్టరీలో హమాలీ వోచర్లు చూస్తున్నాను. లారీ సరుకు దించిన కూలీలకు రొక్కం ఇస్తారు. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేస్తారు. వోచర్లు తిరగేస్తుంటే ఒక వేలిముద్రలో అడ్డంగా తెగిన గాటు కనిపించింది. తర్వాతి వోచరు మీదా అదే గాటు. పేర్లు వేరు, తేదీలు వేరు. పక్కన పెడుతూ పోతే 14 వోచర్లు తేలాయి. గుమాస్తాను పిలిచి చెయ్యి చూపించమన్నాను. బొటనవేలి మీద పాత గాయం ఉంది.

యజమాని ఆవేశంతో ఊగిపోయాడు. ఇన్నేళ్లు తిండి పెట్టినందుకు ఇదా అన్నాడు. గుమాస్తా తల దించుకునే చెప్పాడు: "మీరు రాయమన్నవాటికి వేసిన వేలే సార్ ఇది."

విషయం ఏమిటంటే, ఏవో లైసెన్సుల పనికి ఆఫీసుల్లో ఇచ్చే మామూళ్లు పుస్తకాల్లో చూపించడానికి దారి లేక, యజమానే వాటిని హమాలీ ఖర్చుగా రాయమనేవాడు. వేలిముద్రలు గుమాస్తావి. మూడేళ్లు అలా రాసినవాడు నాలుగో ఏడు తన ఇంటి ఖర్చుకూ రెండు వోచర్లు రాసుకున్నాడు. వోచరు మీద ఉన్నది నిజమే అయ్యుండాలన్న నియమాన్ని చెరిపేసింది యజమాని. గుమాస్తా చేసింది తప్పు కాదని అనను. కానీ ఆ పని నేర్పించిన చెయ్యి ఎవరిదో ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. నా వృత్తిలో అంత నిశ్శబ్దాన్ని మళ్లీ చూడలేదు.

అపోహ: చేయి తడపందే ఫైలు కదలదు. అడిగేవాడిది తప్పు, ఇచ్చేవాళ్లం మేమేం చేస్తాం?

వాస్తవం: 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించారు. అప్పటి నుంచి లంచం ఇవ్వడమూ ప్రత్యేక నేరమే. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా పోలీసులకో, దర్యాప్తు సంస్థకో తెలియజేసినవాళ్లకు రక్షణ ఉంది. తెలంగాణలో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) టోల్‌ఫ్రీ నంబరు 1064. చాలామంది యజమానులకు తెలియనిది ఇంకోటుంది. సంస్థ తరఫున ఉద్యోగి లంచం ఇస్తే సంస్థ కూడా ముద్దాయి అవుతుంది. అలా జరగకుండా తగిన ఏర్పాట్లు ముందే చేసుకున్నామని రుజువు చేసుకోగలిగితేనే బయటపడుతుంది.

ఏర్పాట్లంటే గోడకు బోర్డు తగిలించడం అనుకోకండి. రెన్యువల్ దరఖాస్తు గడువుకు రెండు రోజుల ముందు తయారు చేసి, ఎలాగైనా తెచ్చేయ్ అని కుర్రాడిని పంపారంటే, డబ్బు ఇవ్వమని మీరు నోటితో చెప్పకపోయినా చెప్పినట్టే. దరఖాస్తు నెలన్నర ముందే వెళ్లాలి. రసీదు ఫైల్లో ఉండాలి. ఆలస్యమైతే ఆ నష్టం కంపెనీది, నీ మీదకు రాదు అని ఆ కుర్రాడికి ముందే చెప్పి ఉండాలి. ఈ ఒక్క మాట చెప్పని సంస్థలే ఎక్కువ.

అపోహ: ఆకాశరామన్న ఉత్తరాలు చెత్తబుట్టకే. ధైర్యం ఉంటే పేరు పెట్టి రాయాలి.

వాస్తవం: 2008 డిసెంబరులో, రాజు ఉత్తరానికి మూడు వారాల ముందు, సత్యంలో ఒక స్వతంత్ర డైరెక్టర్‌కు అసలు పేరు దాచుకున్న మనిషి నుంచి ఈమెయిల్ వచ్చింది. కంపెనీ చూపిస్తున్న నగదు లేదని, కావాలంటే బ్యాంకులను అడిగి చూడమని అందులో ఉంది. అది ఆకాశరామన్న ఉత్తరమే. అందులో ఉన్నదీ నిజమే. మోసాలపై పరిశోధించే అంతర్జాతీయ సంస్థ ఏసీఎఫ్‌ఈ 2024 నివేదిక ప్రకారం, బయటపడిన మోసాల్లో 43 శాతం ఎవరో ఒకరు చెప్పడం వల్లే బయటపడ్డాయి. వాళ్లలో సగానికి పైగా ఉద్యోగులే. మా ఇంటర్నల్ ఆడిట్ పట్టుకున్నది 14 శాతం. ఆడిటర్‌గా ఇది ఒప్పుకోవడం నాకు చిన్నతనమేమీ కాదు. రోజూ ఆ కుర్చీలో కూర్చునే మనిషికి తెలిసినంత, ఏడాదికి నాలుగుసార్లు వచ్చే నాకెలా తెలుస్తుంది?

పేరు పెట్టి రాయాలనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. కంపెనీల చట్టం 2013లోని 177వ సెక్షన్ కింద లిస్టెడ్ కంపెనీలు, మరికొన్ని రకాల కంపెనీలు ఫిర్యాదు చేసే ఏర్పాటు పెట్టి తీరాలి. అవసరమైతే ఉద్యోగి నేరుగా ఆడిట్ కమిటీ ఛైర్మన్‌ను కలిసే వీలుండాలి. కానీ తప్పు బయటపెట్టేవాళ్లను కాపాడే 2014 విజిల్‌బ్లోయర్ల చట్టం ప్రభుత్వ సేవకుల మీద చేసే ఫిర్యాదులకు సంబంధించినది. ప్రైవేటు కంపెనీలో తన పైఅధికారి గురించి రాసేవాడికి అది గొడుగు పట్టదు. అతన్ని కాపాడాల్సింది ఆ సంస్థే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక కంపెనీ ఎండీ నన్ను పిలిచి ఒక ఉత్తరం చేతిలో పెట్టాడు. ఇందులోని వివరాలు ఏ సెక్షన్ వాళ్లకు తెలిసే వీలుంది అని అడిగాడు. చదివి, డిస్పాచ్ వాళ్లకే అని చెప్పాను. నా తెలివి చూపించుకున్నాననే అనుకున్నాను. నెల తిరక్కుండా డిస్పాచ్‌లో ఒక అసిస్టెంటును వేరే ఊరి డిపోకు మార్చారు. ఉత్తరంలో రాసింది నిజమో కాదో ఎవరూ చూడలేదు, నాతో సహా. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు నేను ఆ కంపెనీకి వెళ్తూనే ఉన్నాను. ఒక్క ఉత్తరం కూడా రాలేదు. అక్కడి మేనేజర్లు దాన్ని మంచి సంకేతం అనుకున్నారు.

అందుకే ఇప్పుడు ఉత్తరం ఎవరు చూపించినా ముందే షరతు పెడతాను. దస్తూరీ పోల్చను, ఎవరు రాసి ఉంటారన్న మాట ఎత్తను. వచ్చిన తేదీ రాసుకుని, అందులో తనిఖీ చేయదగిన అంశం ఒక్కటి తీసుకుంటాను. ఫలానా లారీ ఫలానా రోజు కాటా మీదకు వెళ్లకుండా బయటికి పోయిందని ఉంటే గేటు రిజిస్టరు, కాటా చీటీలు దగ్గర పెట్టుకుంటే పావుగంట పని. చాలా ఉత్తరాల్లో ద్వేషమూ ఉంటుంది, నిజమూ ఉంటుంది. ద్వేషం ఉందని నిజాన్ని పారేయకూడదు.

అపోహ: టార్గెట్లకూ నైతికతకూ సంబంధం లేదు.

వాస్తవం: 2016లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అమ్మకాల టార్గెట్లు అందుకోలేక సిబ్బంది ఖాతాదారులకు తెలియకుండా వాళ్ల పేరున ఖాతాలు తెరిచారు. సుమారు 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఇంతమందీ పుట్టుకతో మోసగాళ్లని ఎవరు నమ్ముతారు? మన దగ్గర టార్గెట్ కోసం అమ్మినట్టు రాస్తే మార్చి 31 రాత్రి డీలరు గోదాముకు వెళ్లి, ఏప్రిల్ రెండో వారంలో తిరిగొచ్చే సరుకుదీ ఇదే కథ. ఆ లారీని ఎవరు పంపారని అడిగే ముందు, ఆ నెల టార్గెట్ ఎంత, అది ఎవరు వేశారు అని అడుగుతాను.

అపోహ: ఇవన్నీ పెద్ద కంపెనీల గొడవలు, మాకు అక్కర్లేదు.

వాస్తవం: పదిమంది, అంతకుమించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండి తీరాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంట్లకు సాఫ్ట్‌వేర్ వాడే ప్రతి కంపెనీలోనూ, ప్రైవేటు లిమిటెడ్ సహా, ఎంట్రీ ఎప్పుడు మార్చారో నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలుండకూడదు. చిన్న కంపెనీలు ఈ రెండూ తర్వాత చూద్దామంటుంటాయి.

అపోహ: తప్పు బయటికొస్తే సంస్థ మునుగుతుంది, గుట్టుగా లోపలే సర్దుకోవాలి.

వాస్తవం: సత్యం మునగలేదు. ప్రభుత్వం రోజుల్లోనే పాత బోర్డును తీసేసి కొత్తది వేసింది. ఏప్రిల్‌కల్లా టెక్ మహీంద్రా కొనుక్కుంది, 2013లో విలీనం చేసుకుంది. ఆ మూడు నెలలూ జీతం వస్తుందో రాదో తెలియకుండా పనిచేసిన వేలమంది ఉద్యోగుల వల్లే క్లయింట్లు నిలిచారు. మా స్టోర్స్ పెద్దాయన అల్లుడూ వాళ్లలో ఒకడు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుతో పాటు మరో తొమ్మిది మందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది, దానిపై వాళ్లు అప్పీలుకు వెళ్లారు.

వేలిముద్రల ఫ్యాక్టరీలో ఏమైందో చెప్పలేదు కదూ. గుమాస్తాను తీసేయలేదు. వాడుకున్న డబ్బు జీతంలోంచి నెలనెలా కోసుకున్నారు. దానికన్నా కష్టమైన పని యజమాని చేశాడు. స్టాఫందరినీ కూర్చోబెట్టి, దొంగ వోచర్లు రాయించింది నేనే, ఇక నుంచి రాయమంటే నా ముఖం మీదే కుదరదనండి అని చెప్పాడు. ఆ ఏడాది ఒక లైసెన్సు ఆలస్యమై, ఒక షెడ్డు నలభై రోజులు మూతపడింది. ఆయన ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు.

ఇప్పుడక్కడ హమాలీ కూలి ఫోన్‌పేలో వెళ్తుంది. మొన్న వెళ్లినప్పుడు ఆ గుమాస్తాయే ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను తెరవకముందే అన్నాడు: "ఇందులో రెండు లారీల కాటా చీటీలు తేడాగా ఉన్నాయి సార్. నిన్ననే పెద్దసారుకి చెప్పాను. మీకూ చూపించమన్నారు."