ఒకే బ్యాండు, రెండు ఆయుష్షులు

రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బ్యాండును 1962లో లండన్‌లో కూడగట్టినవాడు బ్రయన్ జోన్స్. 1969 జూలైలో సొంత ఇంటి ఈతకొలనులో శవమై తేలాడు. అప్పటికి 27 ఏళ్లు. అతని పక్కనే నిలబడి గిటారు వాయించిన కీత్ రిచర్డ్స్ కూడా తాగాడు, ఏళ్ల తరబడి హెరాయిన్‌కు బానిసయ్యాడు. 2006లో ఫిజీలో చెట్టు మీంచి పడితే మెదడుకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆయన ఎనభై దాటాడు.

తాగుడు, మత్తుమందుల్లో మునిగిన ఇలాంటి రాక్ సంగీతకారులు ఎలా బతికి బట్టకట్టారన్న ఆశ్చర్యం చావుల నుంచే పుట్టింది. రాక్ తారల్లో 1970 సెప్టెంబరులో జిమి హెండ్రిక్స్, అక్టోబరులో జానిస్ జాప్లిన్, మరుసటి జూలైలో జిమ్ మోరిసన్ పోయారు. ముగ్గురిదీ జోన్స్ వయసే, 27. 1994లో కర్ట్ కోబెయిన్, 2011లో ఏమీ వైన్‌హౌస్ కూడా 27కే వెళ్లిపోవడంతో జనం దాన్ని శాపం అనుకున్నారు.

అది నిజమా అని 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. బ్రిటన్‌లో 1956-2007 మధ్య నంబర్ వన్ ఆల్బమ్ ఇచ్చిన 1,046 మంది వివరాలు చూశారు. 27 దగ్గర ప్రత్యేకమైన గండమేదీ కనబడలేదు. కానీ ఇరవైల్లో, ముప్పైల్లో వాళ్ల మరణాల రేటు మామూలు జనంతో పోలిస్తే రెండు మూడు రెట్లు ఉంది. అంటే వయసులోనే పోయినవాళ్లు తక్కువేమీ కాదు. మిగిలినవాళ్లు ఇంకా వేదికల మీద కనిపిస్తున్నారు కాబట్టి మన చూపు వాళ్ల దగ్గరే ఆగిపోతోంది.

మిగిలినవాళ్ల ఒళ్లే వేరు అనే మాట ఒకటుంది. 2010లో హెవీ మెటల్ గాయకుడు ఓజీ ఆజ్‌బోర్న్ జన్యుక్రమాన్ని చదివింది కూడా ఆ కుతూహలంతోనే. నాకు మాత్రం జన్యువుల కంటే వాళ్లు మానేసిన సంవత్సరాలే ముఖ్యంగా తోస్తాయి. 1977లో టొరంటోలో హెరాయిన్‌తో పట్టుబడ్డాక రిచర్డ్స్ దాన్నుంచి బయటపడ్డాడు. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1987లో, గాయకుడు ఎల్టన్ జాన్ 1990లో మద్యం వదిలారు. క్లాప్టన్ అక్కడితో ఆగలేదు, 1998లో కరీబియన్ దీవి ఆంటిగ్వాలో వ్యసన చికిత్సా కేంద్రం పెట్టాడు.

వైద్యం చేసిన మేలూ చిన్నది కాదు. గాయకుడు డేవిడ్ క్రాస్బీకి 1994లో కాలేయం మార్చారు. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు బతికి, 81 ఏళ్లకు పోయాడు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ బ్యాండులో బాస్ గిటారు వాయించిన ఫిల్ లెష్ కూడా 1998లో అదే మార్పిడితో గట్టెక్కి 84 దాకా ఉన్నాడు. ఇంకొకరి కాలేయం దొరకబట్టే వాళ్ల తర్వాతి పాటలు మనకు దక్కాయి. పేరూ డబ్బూ లేక చిన్న క్లబ్బుల్లో వాయించుకునేవాడికి అలాంటి చికిత్స అందడం ఎంత కష్టమో కూడా తలుచుకోవాలి.

ఓజీ 2025 జూలై 5న సొంత ఊరు బర్మింగ్‌హామ్‌లో ఆఖరి కచేరీ చేశాడు. పార్కిన్సన్స్ వ్యాధి వల్ల నిలబడలేక సింహాసనంలో కూర్చునే పాడాడు. పదిహేడు రోజులకు, 76 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.