డాలీ బైబిల్ లిథోగ్రాఫులు: అపోహలు - వాస్తవాలు

స్పెయిన్ అధివాస్తవిక (సర్రియలిస్ట్) చిత్రకారుడు సాల్వడార్ డాలీ బొమ్మలతో వచ్చిన లాటిన్ బైబిల్ పేరు ‘బిబ్లియా సాక్రా’. మిలాన్‌లోని రిజ్జోలి సంస్థ 1967-69 మధ్య అయిదు సంపుటాలుగా వేసింది. అందులో రంగుల లిథోగ్రాఫులు (రాతి పలక మీది బొమ్మ నుంచి తీసే అచ్చులు) 105. ఇవాళ సంతలోకి వచ్చేవి ఎక్కువగా ఆ సంపుటాల్లోంచి తీసిన విడి కాగితాలే. వాటితోపాటే కొన్ని మాటలూ చేతులు మారుతున్నాయి.

అపోహ: లిథోగ్రాఫ్ అన్నారంటే డాలీ స్వయంగా రాయి మీద గీసినట్టే.

కాదు. టురిన్‌కు చెందిన కలెక్టర్ జుసెప్పే అల్బరెట్టో అడిగితే డాలీ 1960ల మొదట్లో కాగితం మీద గువాష్ (చిక్కటి, వెనకది కనిపించని నీటిరంగు), నీటిరంగులతో ఈ బొమ్మలు వేశాడు. వాటిని అచ్చుకు ఎక్కించింది ముద్రణ పనివాళ్లు. అలాగని వీటిని దొంగ సరుకు అనడమూ తప్పే. డాలీ చిత్రాలకు అనుమతితో వచ్చిన ముద్రణలివి; ధర కూడా ఆ లెక్కలోనే ఉండాలి.

అపోహ: భూతద్దంలో చుక్కలు కనిపిస్తే నకిలీ.

ముందు పద్ధతి తెలియాలి. సున్నపురాయిని కార్బొరండం పొడితో నూరి, జిడ్డు క్రేయాన్‌తో బొమ్మ గీస్తారు. తుమ్మబంక నీళ్లలో కొన్ని చుక్కల నైట్రిక్ ఆసిడ్ కలిపి పైన పూస్తారు. ఆ తర్వాత గీత పడ్డచోట సిరా పడుతుంది, ఖాళీ చోట నీళ్లు నిలుస్తాయి. ఆసిడ్ ఎక్కువైతే లేత ఛాయలు మాడి ఎగిరిపోతాయి. తక్కువైతే నీడలు పూడుకుపోయి నల్లముద్ద అవుతాయి. రోలర్ తిప్పే ప్రతిసారీ స్పాంజితో రాయి తడపకపోతే ఖాళీ చోటా సిరా అంటి మురికి పొర కడుతుంది. రంగుకొక రాయి కావాలి. మన ఇళ్లలోని పాత రవివర్మ ప్రెస్ దేవుడి పటాలూ అలా పుట్టినవే. కాగితం తడిస్తే సాగుతుంది కాబట్టి రంగుల పనికి పొడికాగితమే వాడతారు, లేదంటే రెండో రంగు మొదటిదాని పక్కకు జరిగి పడుతుంది.

పది రెట్ల భూతద్దంలో చూస్తే చేతి క్రేయాన్ గీత రాతి గరుకును అనుసరించి ఇసుక రేణువుల్లా, ఒక వరుస లేకుండా కనిపిస్తుంది. నాలుగు రంగుల చుక్కలు చిన్న పూరేకుల్లా క్రమంగా కూర్చున్నాయంటే కెమెరా మీదుగా వచ్చిన ఆఫ్‌సెట్ (ఫొటో తీసి యంత్రం మీద వేసే అచ్చు). కానీ ఆ ఎడిషనే (ఒక విడతలో వేసిన ప్రతులన్నీ) ఫొటో పద్ధతి వాడి ఉంటే చుక్కలుండడం నేరం కాదు. పోల్చాల్సింది అదే ఎడిషన్‌లోని మరో ప్రతితో. కాగితం కొలత కూడా చూడండి: బైబిల్ షీటు సుమారు 48×35 సెం.మీ. ఫ్రేములో పట్టించడానికి అంచులు కోసేసినవి చాలానే తిరుగుతున్నాయి, వాటి విలువ పడిపోతుంది.

అపోహ: కింద పెన్సిల్ సంతకం ఉంది కాబట్టి భరోసా.

డాలీ విషయంలో సంతకం అన్నిటికన్నా బలహీనమైన సాక్ష్యం. 1974లో ఫ్రెంచి కస్టమ్స్ వాళ్లు ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య ఉన్న చిన్న దేశం అండోర్రాకు వెళ్తున్న ఒక ట్రక్కు ఆపితే, డాలీ సంతకం చేసి ఉన్న ఖాళీ కాగితాలు 40,000 దొరికాయి. ఖాళీ కాగితం మీద సంతకం అసలుదే అయినా, తర్వాత దాని మీద పడ్డ బొమ్మ గురించి అది చెప్పేదేమీ లేదు. సంపుటాల్లోని బైబిల్ షీట్లు సాధారణంగా పెన్సిల్ సంతకం లేకుండానే వచ్చాయి. అలాంటి షీటు మీద సంతకం కనిపిస్తే అది ఎప్పుడు, ఎవరి చేతుల్లో పడిందో అమ్మేవాడు చెప్పగలగాలి. సంతకం లేని శుభ్రమైన షీటే నా లెక్కలో మేలు.

అపోహ: బైబిల్ ప్రింట్లు చాలా అరుదు.

ఈ బైబిల్ ‘లుక్సుస్’ (విలాస) రకం ప్రతులే 1,499. ఒక్కోదానిలో 105 బొమ్మలు. గుణిస్తే 1,57,395 షీట్లు! అంతకంటే ఖరీదైన రకాలు వేరే ఉన్నాయి. సంపుటం చెక్కుచెదరకుండా దొరకడం వేరు, ఒక్క షీటు దొరకడం వేరు.

అపోహ: అధివాస్తవికులు మతాన్ని ఎగతాళి చేసేవాళ్లు, ఇదీ అలాంటిదే.

అధివాస్తవికుల నాయకుడు ఆంద్రే బ్రెటన్ బృందం మతాన్ని దుయ్యబట్టిన మాట నిజం. డాలీ 1930ల్లోనే ఆ బృందానికి దూరమయ్యాడు, 1949లో పోప్ పన్నెండో పయస్‌ను కలిశాడు. ఈ బొమ్మల్లో మరకలూ చిందులూ ఉన్నా అవి బైబిల్ మాటల్ని వెక్కిరించడానికి కాదు.

డాలీవే అయిన ‘డివైన్ కామెడీ’ బొమ్మల్ని కూడా లిథోలని అమ్ముతుంటారు. అవి చెక్క బ్లాకులతో అచ్చయినవి, పైగా అది ఇటలీ కవి దాంతే కావ్యం, లేఖనం కాదు.

అపోహ: లామినేషన్ చేయిస్తే కాగితం పదిలం.

మన ఫ్రేము షాపుల్లో ముందు అడిగేది ఇదే. ఒప్పుకోకండి. వేడికి కరిగిన జిగురు కాగితం పీచులోకి దిగితే మళ్లీ రాదు, ప్లైవుడ్‌కు అంటించినా అంతే. పైఅంచున రెండుచోట్ల పల్చటి జపాన్ కాగితం కీలు, గోధుమగంజి జిగురు చాలు. వెనక ఆసిడ్ లేని అట్ట పెట్టించండి, మామూలు అట్ట ఏళ్లలో గోధుమరంగు గీత దించుతుంది. ప్రింటు గాజుకు తగలకూడదు. విశాఖ, కాకినాడలాంటి తేమ ఊళ్లలో గాజుకు అతుక్కున్నచోటే బూజు మచ్చ మొదలవుతుంది.