డీజిల్ వాడకం తగ్గించే మా పనిలో తరచూ వినే అపోహలు - వాస్తవాలు

తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌లోనో గుడి దగ్గరో ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే, "బస్సులు, లారీలు, చెత్త బండ్లు నడిపే సంస్థల్లో పెట్రోలు, డీజిల్ వాడకం తగ్గించే పని" అంటాను. "ఓ, కరెంటు కార్లు అమ్ముతారా?" అనేది వెంటనే వచ్చే ప్రశ్న. అమ్మడానికి మా దగ్గర ఏమీ లేదు. నేను అమెరికాలోని క్లీన్ సిటీస్ కూటముల్లో ఒకదానిలో పనిచేస్తాను. 1992లో వచ్చిన ఇంధన విధాన చట్టం దన్నుతో ఫెడరల్ ఇంధన శాఖ 1993లో ఈ కార్యక్రమం మొదలుపెట్టింది. మొదటి కూటమి అట్లాంటాలో ఏర్పడింది. ఇప్పుడు దేశంలో 75కు పైగా ఉన్నాయి. ఇన్నేళ్లలో నేను మళ్లీ మళ్లీ విన్న కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఇది ప్రభుత్వ ఆఫీసు. వచ్చి బండ్లు మార్చమని ఒత్తిడి చేస్తారు.

మాకు ఎవరినీ ఒత్తిడి చేసే అధికారం లేదు. కొన్ని కూటములు లాభాపేక్ష లేని సంస్థలు, కొన్ని ప్రాంతీయ ప్రభుత్వ మండళ్లలోనో యూనివర్సిటీల్లోనో ఉంటాయి. సభ్యులంతా స్థానికులే. సిటీ గ్యారేజీ వాళ్లు, స్కూలు డిస్ట్రిక్ట్ వాళ్లు, గ్యాస్ కంపెనీ, కరెంటు కంపెనీ, లారీ డీలర్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. చేరడం, మానడం వాళ్ల ఇష్టం.

ఆ బల్ల విలువ నాకు ఒక స్కూలు బస్సుల గ్యారేజీలో బాగా తెలిసొచ్చింది. అక్కడి మేనేజర్‌కు ప్రొపేన్ (వంటగ్యాస్ లాంటి ఇంధనం) బస్సుల గురించి లెక్కలన్నీ చూపించాను. ఖర్చులు, పొగ, అన్నీ ఉన్నాయి. ఆయన ఓపిగ్గా విని, "జనవరిలో పొద్దున ఐదింటికి స్టార్ట్ అవుతుందా?" అని ఒక్క ప్రశ్న వేశారు. నేను అవుతుందనే చెప్పాను. కానీ బస్సు స్టార్ట్ కాకపోతే తల్లిదండ్రులకు జవాబు చెప్పాల్సింది ఆయన, నేను కాదు. తర్వాతి సమావేశానికి పక్క డిస్ట్రిక్ట్‌లో నాలుగు చలికాలాలు ప్రొపేన్ బస్సులు చూసుకున్న మెకానిక్‌ను పిలిచాం. ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీల సెల్సియస్ కిందే మరిగిపోతుంది కాబట్టి చలికి గడ్డకట్టే బెడద లేదని, డీజిల్‌లో అయితే మైనం పేరుకుని ఫిల్టర్లు మూసుకుపోయేవని ఆయన తన భాషలో చెప్పాడు. మొదట్లో ఇబ్బంది పెట్టిన పార్టులేవో కూడా దాచకుండా చెప్పాడు. ఇద్దరూ పార్కింగ్ లాట్‌లో ఇంకో గంట మాట్లాడుకున్నారు. నా స్ప్రెడ్‌షీట్ చేయలేని పని ఆ గంట చేసింది. మా ఉద్యోగం ప్రధానంగా ఇలాంటి ఇద్దరిని కలపడమే.

అపోహ: అన్ని బండ్లకూ పనికొచ్చే ఒకే మంచి ఇంధనం ఉంటుంది.

ఈ అపోహ నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే చదువుకున్నవాళ్లు, మంచి ఉద్దేశం ఉన్నవాళ్లే దీన్ని నమ్ముతారు. చట్టం ప్రకారం ప్రత్యామ్నాయ ఇంధనాల జాబితాలో కరెంటు, సహజ వాయువు, ప్రొపేన్, ఎథనాల్, బయోడీజిల్, హైడ్రోజన్ వంటివన్నీ ఉన్నాయి. వీటిలో దేనివైపూ మేం మొగ్గం. ముందుగా అడిగేది ఆ బండి రోజుకు ఎన్ని మైళ్లు తిరుగుతుంది, రాత్రి ఎక్కడ ఆగుతుంది అని. వీధికి వంద సార్లు ఆగే చెత్త బండి రాత్రికి సొంత యార్డుకే చేరుతుంది కాబట్టి అక్కడే సీఎన్‌జీ పంపు పెట్టుకోవచ్చు. చెత్త దిబ్బలో పుట్టే వాయువును శుద్ధి చేసి, అదే చెత్త బండికి ఇంధనంగా పోసేవాళ్లూ ఉన్నారు. ఊళ్లో తక్కువ దూరం తిరిగే డెలివరీ వ్యాన్‌కు కరెంటు బాగా సరిపోతుంది.

ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో 2012లో శాండీ తుఫాను చూపించింది. న్యూజెర్సీలో పెట్రోలు బంకుల ముందు బారులు తీరారు. నంబర్ ప్లేట్‌ను బట్టి సరి, బేసి రోజులు పెట్టాల్సి వచ్చింది. ఆ తుఫాను రోజుల్లోనే అట్లాంటిక్ సిటీలో సీఎన్‌జీతో నడిచే జిట్నీ మినీబస్సులు జనాన్ని సురక్షిత ప్రాంతాలకు చేరవేశాయి.

అపోహ: గ్యాస్ బండి అంటే కదిలే సిలిండర్ బాంబు.

ఇంట్లో గ్యాస్ బండ పేలుడు వార్తలు చదివి పెరిగినవాళ్లం, ఈ భయం నాకు అర్థమవుతుంది. వాహనాల్లో ప్రొపేన్ ట్యాంకు మందపాటి ఉక్కుతో చేస్తారు. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది కాబట్టి 80 శాతానికి మించి నింపరు. అయితే జాగ్రత్తలు లేకుండా కుదరదు. లీకైతే ప్రొపేన్ గాలికన్నా బరువు కాబట్టి నేలమీద పేరుకుంటుంది. సీఎన్‌జీ తేలిక కాబట్టి పైకప్పు కిందికి చేరుతుంది. అందుకే గ్యారేజీలో గాలి బయటికి పోయే ఏర్పాట్లు రెంటికీ వేరు. మేం అగ్నిమాపక సిబ్బందికి కూడా శిక్షణలు పెట్టిస్తాం.

అపోహ: ఎథనాల్ కలిపితే ఇంజన్ పాడవుతుంది. లేదా, ఏమీ తేడా ఉండదు.

ఇండియాలో ఈ20 (20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు) వచ్చాక మా నాన్నగారు కూడా ఫోన్లో దీని గురించే అడుగుతున్నారు. రెండు మాటలూ పూర్తిగా నిజం కాదు. ఎథనాల్‌లో పెట్రోలుకన్నా దాదాపు మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. ఆ మాట దాచకూడదు. ఇంజన్ సంగతి ఆ బండి దేనికోసం తయారైందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ 51 నుంచి 83 శాతం ఎథనాల్ ఉండే ఈ85ను, దానికోసమే తయారైన ఫ్లెక్స్ ఫ్యూయల్ బండ్లలోనే పోయాలి. మీ బండి మాన్యువల్ ఏం చెబుతుందో అదే వినండి.

అపోహ: కరెంటు బొగ్గు నుంచే కదా, ఇంక లాభమేంటి?

పొగ సంగతి ఆ ప్రాంతపు కరెంటును బట్టి మారుతుంది, నిజమే. కానీ మేం తగ్గించాలని చూసేది పెట్రోలియం. అమెరికా వాడే పెట్రోలియంలో దాదాపు 70 శాతం రవాణాకే పోతుంది. కరెంటు తయారీలో పెట్రోలియం వాటా 1 శాతం కూడా ఉండదు. డీజిల్ బస్సు స్థానంలో కరెంటు బస్సు వస్తే ఆ బస్సు తాగే చమురు దాదాపు మొత్తం మిగిలినట్టే.

అపోహ: ఇదంతా డబ్బున్నవాళ్లు చేసే పని.

కొత్త బండి ఖరీదెక్కువే. అందుకే గ్రాంట్లు వెతికి, దరఖాస్తులు రాయడానికి సాయం చేస్తాం. కానీ ఉత్తినే ఆన్‌లో ఉంచిన ఇంజన్ ఆపేయడానికి డబ్బు అక్కర్లేదు. పది సెకన్లకు మించి ఆగాల్సి వస్తే ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయడమే పొదుపు. రాత్రంతా ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచి పడుకునే పెద్ద ట్రక్కు గంటకు సుమారు 0.8 గ్యాలన్ల డీజిల్ తాగుతుంది. పది గంటల విశ్రాంతికి ఎనిమిది గ్యాలన్లు. స్కూలు గేటు దగ్గర పిల్లల కోసం ఎదురుచూసే కార్లదీ ఇదే కథ, పైగా ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

కేటరింగ్ వ్యాన్లు, డెలివరీ బండ్లు నడుపుతున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు. నాలుగు బండ్లే ఉన్నాయని మొహమాటపడకండి, మీ ఊరి కూటమికి ఫోన్ చేయండి. ఏడాది ఇంధన బిల్లులు, ఒక్కో బండి రోజుకు ఎన్ని మైళ్లు తిరుగుతుందో రాసిన కాగితం తెచ్చుకుంటే చాలు. ఆర్గోన్ (Argonne) జాతీయ ప్రయోగశాల తయారు చేసిన ఆఫ్లీట్ అనే ఉచిత టూల్‌లో ఆ అంకెలు వేసి, మీ పక్కన కూర్చునే లెక్క చూస్తాం.