నలుగురు అంటే ఎందరు?

"పుకారు పూటలో ఊరంతా తిరిగేస్తుంది, పనికొచ్చే మాట పదేళ్లయినా గుమ్మం దాటదు, ఎందుకండీ?" అని ఒక పాఠకుడు అడిగారు. జనం అజ్ఞానం అనేసి తప్పించుకోవచ్చు. కానీ ఇందులో ఓ ముచ్చటైన లెక్క ఉంది.

నలుగురితో నారాయణా అంటాం. ఆ నలుగురు అసలెందరు? ఒక పనిలోకి దిగే ముందు ఎందరు చేస్తుండగా చూడాలి అంటే, ఒకరికి ఇద్దరు చాలు, ఇంకొకరికి యాభైమంది కావాలి. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1978లో పట్టుకున్నది ఈ అంకెనే.

వందమంది ఉన్నారనుకోండి. ఒకడి అంకె 0, ఎవరికోసమూ ఆగడు. తర్వాతివాడిది 1, ఆ తర్వాత 2, అలా చివరివాడిది 99. సున్నావాడు మొదలెడతాడు, వాణ్ణి చూసి 1వాడు, ఇద్దర్నీ చూసి 2వాడు... వందమందీ కదిలిపోతారు. ఇప్పుడు 1వాడి అంకెను 2 చేయండి, అంతే. సున్నావాడు మొదలెట్టాడు. ఒక్కణ్ణి చూసి కదిలేవాడు ఎవడూ లేడు. కథ అక్కడే ఆగింది! సగటు 49.50 నుంచి 49.51 అయింది, ఫలితం వంద నుంచి ఒకటికి పడింది. చూసినవాళ్లు మాత్రం మొదటి గుంపును అభ్యుదయవాదులనీ రెండోదాన్ని చాదస్తులనీ తేల్చేస్తారు. క్లాసులో "డౌట్లున్నాయా?" అంటే నిశ్శబ్దం. సున్నావాడు ఆ రోజు రాలేదన్నమాట.

మూఢనమ్మకానికి అందరి అంకే చిన్నది. "పాటిస్తే పోయేదేముంది" అనుకుంటే చాలు. కొత్త విత్తనం తేడా వస్తే మాత్రం పోయేది పంట, అందుకే అక్కడ అంకె పెద్దది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 259 మంది రైతుల్ని పరిశీలించి రయన్, గ్రాస్ అనే పరిశోధకులు 1943లో ప్రచురించిన లెక్క చూడండి. హైబ్రిడ్ మొక్కజొన్నకు ఇద్దరు తప్ప అందరూ మారారు, కానీ 1928 నుంచి 1941 దాకా పట్టింది. కబురు ఎక్కువమందికి విత్తనాల సేల్స్‌మన్ చెప్పాడు, నమ్మకం పక్క చేను ఇచ్చింది. చేను ఏడాదికి ఒక్కసారే కదా సాక్ష్యం చెప్పేది!

ఎక్స్‌రే చూడండి. జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌గెన్ 1895 నవంబరు 8న కనిపెట్టాడు, 1896 మొదటి నెలల్లోనే వైద్యులు వాడేశారు. ఉంగరంతో సహా ఆయన భార్య చేతి ఎముకలు ఫోటోలో కనిపిస్తుంటే ఇంకొకరిని అడిగే పనేముంది?

1847లో వియన్నా ఆస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు క్లోరిన్ నీళ్లతో డాక్టర్ల చేతులు కడిగించాడు. బాలింతల చావులు బాగా తగ్గాయి, అయినా తోటివాళ్లలో చాలామంది ఒప్పుకోలేదు. చేతులు కడిగినందుకు బతికిన తల్లీ, కడగకపోయినా బతికి ఉండే తల్లీ ఒకేలా బిడ్డనెత్తుకుని ఇంటికెళ్తారు. తేడా ఆస్పత్రి రిజిస్టరులో తప్ప ఎక్కడా కనబడదు.