కౌంటర్ ఒకటి పెరిగింది, సరే... సర్జ్ ఎంత?

విశాఖలో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములు ఉరిమితే, మర్నాడు సబ్‌స్టేషన్ లాగ్‌బుక్కులో ఎక్కేది ఒకే అంకె. లైట్నింగ్ అరెస్టర్ (పిడుగు పోటును నేలలోకి మళ్లించే సాధనం) కింది కౌంటర్ 41 నుంచి 42కు వచ్చిందని. ఏదో సర్జ్, అంటే క్షణకాలపు కరెంటు పోటు, నేలలోకి దిగిందన్నమాట. అది 500 ఆంపియర్లో, 30,000 ఆంపియర్లో అది చెప్పదు.

ఆ లెక్క తేల్చే తంటాలు నూరేళ్ల నాటివి. 1924లో వెస్టింగ్‌హౌస్ ఇంజినీరు జె.ఎఫ్. పీటర్స్ క్లైడోనోగ్రాఫ్ చేశాడు. సర్జ్ తగిలితే ఫొటో ఫిల్ము మీద ముద్ర పడుతుంది. కొమ్మలుగా విచ్చుకుంటే పాజిటివ్, గుండ్రంగా నున్నగా ఉంటే నెగటివ్. ముద్ర ఎంత పెద్దదో చూసి వోల్టేజీ అంచనా కట్టేవారు. 1930ల్లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల మాగ్నెటిక్ లింకులు వచ్చాయి. టవర్ కాలికి తెలిసిన దూరంలో చిన్న ఉక్కు రేకుల కట్ట బిగించి, తర్వాత దించి, అందులో మిగిలిన అయస్కాంతత్వం నుంచి గరిష్ఠ కరెంటు రాబట్టేవారు. చవకైన పద్ధతే గానీ, ఒక మెరుపులో మూడు నాలుగు స్ట్రోకులు (వెంటవెంటనే దిగే వేర్వేరు కరెంటు పోట్లు) ఉన్నా దక్కేది ఒక్క ముద్రే. కరెంటు ఎంత వేగంగా ఎగబాకిందో అసలే తెలియదు.

ఆ వేగాన్ని పట్టింది కార్ల్ బెర్గర్. స్విట్జర్లాండ్‌లో మోంటే సాన్ సాల్వతోరె కొండమీది టవర్ల దగ్గర 1943 నుంచి ఆసిల్లోగ్రాఫులతో (కరెంటు క్షణక్షణం మారే తీరును గీతగా చూపే యంత్రాలతో) కొలిచాడు. నెగటివ్ తొలి స్ట్రోకుల్లో సగం 30 కిలోఆంపియర్లు దాటాయి. వెనక వచ్చేవి చిన్నవే, కానీ చాలా వేగంగా ఎగబాకుతాయి.

ఆ వేగమూ, ఎర్తింగ్ లోపమూ కలిసి మన దిమ్మెల మీద ట్రాన్స్‌ఫార్మర్లను తినేస్తున్నాయి. 11 కేవీ (కిలోవోల్టుల) లైను మీద 9 కేవీ రేటింగ్ అరెస్టర్, 5 కిలోఆంపియర్ల సర్జ్‌కు తన మీద దాదాపు 30 కేవీ నిలుపుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ 75 కేవీ తట్టుకోగలదనుకుంటే భయం లేనట్టే కనిపిస్తుంది. అయితే అరెస్టర్ ఎర్త్ పిట్ (ఎర్త్ కడ్డీ పాతిన గుంత) వేరుగా ఉండి, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకుకు కలపకపోతే? కొండరాతి నేలలో పిట్ ఎండి 10 ఓములుంటే, 5 కిలోఆంపియర్లకు ఇంకో 50 కేవీ. మొత్తం 80. తీగ పొడవుకు మీటరుకు సుమారు ఒక మైక్రోహెన్రీ. అదే కరెంటు ఒక మైక్రోసెకనులో ఎక్కితే మీటరుకు 5 కేవీ చొప్పున మరికొంత. అరెస్టర్ కొత్తదే, కాలింది మాత్రం వైండింగ్! అరెస్టర్‌ను బుషింగ్ (తీగ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి దిగే చోటి పింగాణీ గొట్టం) పక్కనే బిగించి, దాని ఎర్త్ కొసను పొట్టి తీగతో ట్యాంకుకు కలిపితే పిట్ మీది 50 కేవీ ఇన్సులేషన్ మీద పడదు.

సముద్రం పక్కన ఇంకో చిక్కుంది. కౌంటర్‌తో ఉండే మిల్లీఆంపియర్ మీటరు అరెస్టర్ లోపల కారే కరెంటును, అంటే లోపలి లీకేజీనీ, పింగాణీ మీద పేరుకున్న ఉప్పుపొర లీకేజీనీ కలిపే చూపిస్తుంది. తెల్లవారుజామున మంచులో రీడింగు ఎక్కువగా ఉండి, పొడి మధ్యాహ్నం దిగిపోతే అనుమానం ఉప్పు మీదే. మూడు ఫేజులూ ఒకే సమయంలో చూడాలి. పొడిలోనూ ఒక్కటే పెరుగుతూ పోతే అప్పుడు థర్డ్ హార్మోనిక్ (లీకేజీలో సరఫరాకు మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ ఉన్న భాగం) పద్ధతిలో, అరెస్టర్ లోపలి పాడును పట్టిచ్చే రెసిస్టివ్ కరెంటు కొలిపించాలి.

మీటరు సున్నా చూపిస్తే మరీ అనుమానించాలి. అడుగు ఇన్సులేటర్‌ను దాటుకుని ఏ బోల్టో, తుప్పుపట్టిన తీగముక్కో కౌంటర్‌ను తప్పించి నేలకు దారిచ్చి ఉండొచ్చు. అలాంటి చోట పిడుగు పడ్డా కౌంటర్ 41 దగ్గరే ఉంటుంది.